రాత్రిపూట తెరిచి ఉన్న నోరు
(దవడ కీలు, ఊపిరి దారి, పళ్ళు: ఈ మూడింటి సంబంధం గురించి రోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)



వార్డులో మీవాళ్ళు పడుకుని ఉంటే వారి మంచం పక్కన చాప పరచుకుని రాత్రంతా కాపలా కాసేది మీరే. ఈ రోజు నేను మాట్లాడబోయే విషయంలో డాక్టరుగారి కంటే, నాకంటే ఎక్కువ తెలిసేది కూడా మీకే. ఎందుకంటే ఈ జబ్బు గుర్తులు మనిషి నిద్రపోయాక బయటపడతాయి. నిద్రపోయినవాడికి తాను ఎలా నిద్రపోతున్నాడో తెలియదు. డాక్టరు పగలు చూస్తారు. రాత్రి చూసేది మీరొక్కరే.

ముందుగా నా పొరపాటు ఒకటి చెప్పి మొదలుపెడతాను. నేను నర్సింగు డిప్లొమా పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో పిల్లల వార్డులో రాత్రి డ్యూటీ చేస్తున్నాను. జ్వరంతో వచ్చిన ఐదేళ్ళ బాబు ఒకడు నోరు తెరుచుకుని గురక పెడుతూ నిద్రపోయేవాడు. మధ్యమధ్యలో గురక ఆగిపోయేది. కొద్ది క్షణాల తరువాత ఒక్కసారిగా ఉలిక్కిపడినట్లు ఊపిరి తీసుకుని, పక్కకు ఒత్తిగిలి మళ్ళీ గురక పెట్టేవాడు. వాళ్ళమ్మ నవ్వుతూ, "మావాడు వాళ్ళ నాన్నలాగే సిస్టర్, పడుకుంటే ఒళ్ళు తెలియదు" అంది. నేనూ నవ్వి, తెల్లవారి రిపోర్టులో "రాత్రి బాగా నిద్రపోయాడు" అని రాశాను.

రెండేళ్ళ తరువాత ఆ తల్లి అదే బాబును పంటి నొప్పితో తీసుకొచ్చింది. పై పళ్ళు ముందుకు వచ్చాయి, పెదవులు కలవడం లేదు, ముందు చిగుళ్ళు ఎర్రగా ఉబ్బి తాకితే రక్తం వస్తోంది, నాలుగు పళ్ళు పుచ్చిపోయాయి. "పిల్లవాడికి పళ్ళు తోమించవా?" అని నేను ఆమెను కోప్పడ్డాను కూడా. "రోజూ నేనే తోముతాను సిస్టర్" అని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆమె చెప్పింది నిజమే. పంటి డాక్టరుగారు బాబును చూసి, పళ్ళ సంగతి తరువాత, ముందు ముక్కు చూపించుకుని రమ్మని ఇ.ఎన్.టి. డాక్టరు దగ్గరకు పంపారు. ముక్కు వెనుక అడినాయిడ్ గడ్డ పెరిగి ఊపిరి దారిని దాదాపు మూసేసింది. రెండేళ్ళ క్రితం ఆ రాత్రి నేను చూసింది మంచి నిద్ర కాదు, ఊపిరి కోసం పడే పాట్లు. నాకు అర్థం కాలేదు. మీకు అలా జరగకూడదనే ఈ మాటలు చెబుతున్నాను.

మూడూ ఒకే ఇంట్లోని గదులు

పళ్ళకు పంటి డాక్టరు, ముక్కుకు ఇ.ఎన్.టి. డాక్టరు, కీళ్ళకు ఎముకల డాక్టరు అని మనం వేరువేరుగా చూస్తాము. కానీ నోటిలో ఇవన్నీ ఒకే ఇంట్లోని గదుల వంటివి. నోటి పైకప్పును అంగిలి అంటాము. ఆ అంగిలే ముక్కుకు నేల. కింది దవడకు నాలుక అతుక్కుని ఉంటుంది. దవడ వెనక్కు ఉంటే నాలుక కూడా వెనక్కు జరిగి గొంతులో ఊపిరి దారిని ఇరుకు చేస్తుంది. కింది దవడ పుర్రెకు కలిసేచోట, చెవికి సరిగ్గా ముందు, దవడ కీలు ఉంటుంది.

మీ చూపుడు వేళ్ళను రెండు చెవుల ముందు పెట్టుకుని మెల్లగా నోరు తెరిచి మూయండి. లోపల గుండ్రంగా ఏదో కదులుతుంది చూశారా? అదే ఆ కీలు. తలుపు బందులాగా తిరగడమే కాకుండా, నోరు బాగా తెరిచినప్పుడు అది ముందుకు జారుతుంది కూడా. రెండు ఎముకల మధ్య మెత్తని బిళ్ళ ఒకటి ఉంటుంది. మాట్లాడినా, నమిలినా, మింగినా, ఆవులించినా ఆ కీలు పనిచేయవలసిందే.

ఒక గదిలో పైకప్పు కారితే పక్క గది గోడకు చెమ్మ పట్టినట్లు, ఊపిరి దారిలో గాని, కీలులో గాని తేడా వస్తే దాని మచ్చ పళ్ళ మీద కనబడుతుంది. మనం చెమ్మ పట్టిన గోడకు సున్నం వేసి ఊరుకుంటున్నాము. పైకప్పు చూడడం లేదు.

ముక్కు మూసుకుపోయిన పిల్లలు

అడినాయిడ్ అందరు పిల్లలకూ ఉండేదే. ముక్కు వెనుక భాగంలో, గొంతు పైన ఉంటుంది. అద్దంలో నోరు తెరిచి చూస్తే కనబడదు. మూడు నుంచి ఏడేళ్ళ వయసులో పెద్దగా ఉండి, యౌవనం వచ్చేసరికి కుంచించుకుపోతుంది. కొందరు పిల్లలకు అది అతిగా పెరిగి దారిని మూసేస్తుంది. 1868లోనే డెన్మార్క్ దేశంలోని కోపెన్‌హాగన్ నగరంలో విల్‌హెల్మ్ మేయర్ అనే వైద్యుడు ఈ గడ్డల వల్ల పిల్లలకు ముక్కు దిబ్బడ, చెవుడు, మాట ముద్దగా రావడం జరుగుతాయని వివరించారు. టాన్సిల్స్ పెద్దవైనా, దుమ్ము పడక ముక్కు లోపల వాచినా, ముక్కు దూలం వంకరగా ఉన్నా ముక్కుతో ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది.

ముక్కు మూసుకుపోతే పిల్లవాడు ఏం చేస్తాడు? నోరు తెరుస్తాడు. జలుబు చేసిన నాలుగు రోజులు తెరిస్తే పరవాలేదు. నెలలు, సంవత్సరాలు అలాగే ఉంటే మూడు మార్పులు వస్తాయి.

మొదటిది, అంగిలి. మామూలుగా నోరు మూసి ఉన్నప్పుడు నాలుక పైకి అంగిలికి ఆని ఉంటుంది. ఆ ఒత్తిడి పై దవడ వెడల్పుగా పెరగడానికి తోడ్పడుతుంది. నోరు తెరిస్తే నాలుక కిందికి జారుతుంది. పక్కల నుంచి బుగ్గలు నొక్కుతుంటాయి. పై దవడ ఇరుకై, అంగిలి గోపురంలా లోతుగా పెరుగుతుంది. పళ్ళకు చోటు చాలక ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, కొందరికి ఎత్తుపళ్ళు వస్తాయి.

రెండవది, ముఖం. మొహం పొడుగ్గా సాగినట్లు, పై పెదవి పొట్టిగా, కళ్ళ కింద నల్లగా, ఎప్పుడూ నిద్రమత్తులో ఉన్నట్లు కనబడతాడు. ఎత్తుపళ్ళున్న వారందరికీ ఇదే కారణం అనుకోకండి. వంశంలో వచ్చేవి, వేలు చీకడం వల్ల వచ్చేవి కూడా ఉంటాయి. అయితే ఎత్తుపళ్ళకు గురక తోడైతే మాత్రం తప్పక చూపించాలి.

మూడవది, చిగుళ్ళు, పళ్ళు. దీనికి లాలాజలం సంగతి తెలియాలి.

ఉమ్మి విలువ

ఉమ్మి అంటే మనకు చులకన. కానీ పళ్ళకు రాత్రింబగళ్ళు కాపలా కాసేది అదే. మనం తిన్న తీపిని నోటిలోని సూక్ష్మక్రిములు ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొరను తినేస్తుంది. ఉమ్మి ఆ ఆమ్లాన్ని పలచన చేసి విరిచేస్తుంది, పోయిన ఖనిజాలను తిరిగి పంటికి అందిస్తుంది. నిద్రలో ఉమ్మి ఊరడం ఎలాగూ బాగా తగ్గిపోతుంది. ఉన్న కొద్దిపాటి తడిని కూడా తెరిచిన నోటిలోకి వచ్చిపోయే గాలి ఆర్పేస్తే, పళ్ళకు కాపలా ఉండదు. అందుకే నోటితో ఊపిరి తీసేవారికి ముందు పళ్ళ చిగుళ్ళు ఎర్రగా వాస్తాయి, పొద్దున్నే నోరు వాసన వేస్తుంది, పెదవులు పగులుతాయి, పళ్ళు పుచ్చే అవకాశం పెరుగుతుంది.

దీనికి మనం చేసే ఇంకో పొరపాటు తోడవుతుంది. దగ్గు, జలుబు అని పడుకోబోయే ముందు తియ్యటి సిరప్ పోసి, నోరు కడగకుండా పడుకోబెడతాము. లేదా పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చుతాము. ఎండిన నోటిలో ఆ తీపి తెల్లవార్లూ పంటికి పట్టుకుని ఉంటుంది. మందు పోయండి, కానీ తరువాత నీళ్ళతో పుక్కిలింపజేయండి. ఉబ్బసానికి ఇన్‌హేలర్ వాడేవారు కూడా పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మాలి. స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ వాడి కడుక్కోకపోతే నోటిలో తెల్లపూత రావచ్చు. ఆ భయంతో ఇన్‌హేలర్ మానేయకండి, అది ప్రాణానికి అవసరమైనది.

"పళ్ళు కొరుకుతున్నాడు, నులిపురుగులున్నాయి"

ఈ మాట మా ఓ.పి.లో రోజూ వింటాము. నిద్రలో పళ్ళు పటపట నూరినా, దిండు మీద చొంగ కారినా కడుపులో పురుగులని మనవాళ్ళ నమ్మకం. పురుగుల మందు బడిలో ఇస్తే వేయించండి, దాని మేలు దానికుంది. కానీ పళ్ళు నూరడానికి అదే కారణమని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. చిన్నపిల్లలు చాలామంది కొంతకాలం పళ్ళు నూరి, పెద్దవుతూ మానేస్తారు. దానికి కంగారు అవసరం లేదు. నూరడంతోపాటు గురక, తెరిచిన నోరు, ఊపిరి ఆగి ఆగి రావడం ఉంటే మాత్రం పురుగుల మందుతో సరిపెట్టుకోకండి.

పెద్దవాళ్ళు కూడా నూరుతారు. మనసులో దిగులు, ఆందోళన, పొగ, మద్యం, కొన్ని మందులు, నిద్రలో ఊపిరి సమస్యలు దీనికి తోడ్పడవచ్చు. ఏళ్ళ తరబడి నూరితే పళ్ళ మొనలు అరిగి చదునవుతాయి. చల్లనివి తాగితే జివ్వుమంటుంది. మంచి పన్ను కూడా నిలువునా పగులుతుంది, కట్టించిన సిమెంటు ఊడిపోతుంది. పొద్దున్న లేవగానే దవడలు బిగుసుకుని, కణతలు నొప్పిగా ఉంటాయి. పంటి డాక్టరు కొలత తీసి రాత్రి పెట్టుకునే తొడుగు ఇస్తారు. అది నూరడాన్ని ఆపదు కానీ పళ్ళు అరగకుండా కాపాడుతుంది.

కీలు నొప్పిని పంటి నొప్పి అనుకుంటే

దవడ కీలు గాని, నమిలే కండరాలు గాని నొప్పి పెడితే ఆ నొప్పి ఎక్కడ తెలుస్తుందో చెప్పలేము. చెవిలో పోటు అంటారు, కణతలో అంటారు, వెనుక పళ్ళలో అంటారు. అమెరికాలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి ముక్కు గొంతు వైద్యుడు 1934లో, దవడ కీలు తేడా ఉన్నవారికి చెవి బాధలు రావడం గురించి రాశారు. ఆయన చెప్పిన కారణాలలో కొన్ని తరువాత నిలబడలేదు గాని, చెవి నొప్పి అని వచ్చినవారి దవడను కూడా చూడాలన్న పాఠం నిలిచింది.

నాకు తెలిసిన ఒక అక్క, ముప్ఫై ఐదేళ్ళుంటాయి, కుడివైపు పంటి నొప్పి అని వేరేచోట రెండు దవడ పళ్ళు పీకించుకుంది. నొప్పి తగ్గలేదు. చెవిలో వేడి నూనె పోయించుకుంది, చెవి కాలింది గాని నొప్పి తగ్గలేదు. ఇక్కడికి వచ్చాక డాక్టరుగారు చెవి ముందు వేలు పెట్టి నోరు తెరవమన్నారు. ఆమె కేక పెట్టింది. నొప్పి కీలుది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఆమె పళ్ళ విషయంలో నిజమైంది. పోయిన పళ్ళు తిరిగి రావు. అంతేకాదు, ఆ వైపు పళ్ళు లేక అన్నమంతా రెండో వైపే నములుతుంటే ఆ భారమంతా ఒక వైపే పడుతుంది. నమలని వైపు పళ్ళకు గార పడుతుంది.

అలా అని ప్రతి చప్పుడుకూ భయపడనక్కర్లేదు. నోరు తెరిచినప్పుడు టక్కుమని శబ్దం చాలామందికి వస్తుంది. నొప్పి లేకుండా, నోరు మామూలుగా తెరుచుకుంటూ ఉంటే దానికి వైద్యం అక్కరలేదు. నొప్పి ఉన్నవారిలో కూడా ఎక్కువమందికి ఇంటి జాగ్రత్తలతోనే కొన్ని వారాల్లో, కొద్ది నెలల్లో తగ్గుతుంది. ఆ జాగ్రత్తలు ఇవి:

మెత్తని అన్నం, పప్పు, ఇడ్లీ, ఉప్మా వంటివి తినాలి. చెరకు, జంతికలు, వేయించిన శనగలు, బొమికలు కొరకడం కొన్నాళ్ళు మానాలి. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డను చెవి ముందు, బుగ్గ మీద పది పదిహేను నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు కాపడం పెట్టాలి. ఆవులింత వచ్చినప్పుడు గడ్డం కింద చెయ్యి ఆనించి నోరు ఎక్కువ తెరుచుకోకుండా చూసుకోవాలి. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని గంటల తరబడి టి.వి. చూడడం మానాలి. ఊరికే కూర్చున్నప్పుడు పెదవులు కలిసి ఉండాలి, పళ్ళు మాత్రం ఒకదానికొకటి తగలకూడదు. నొప్పి బిళ్ళలు డాక్టరు చెప్పినన్ని రోజులే వేసుకోవాలి. మంచి పళ్ళను అరగదీయడం, పీకించడం వంటి, మళ్ళీ వెనక్కు తీసుకోలేని వైద్యాలకు తొందరపడకూడదు.

మూడు వేళ్ళ పరీక్ష

ఎవరి చేతి వేళ్ళతో వారే చేసుకోవలసిన పరీక్ష ఇది. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు కలిపి నిలువుగా పై పళ్ళకు, కింది పళ్ళకు మధ్య పెట్టండి. పెద్దవారికి మామూలుగా నోరు సుమారు 4 నుంచి 5 సెంటీమీటర్లు తెరుచుకుంటుంది, అంటే మూడు వేళ్ళు పడతాయి. రెండు వేళ్ళు కూడా పట్టడం కష్టమైతే డాక్టరుకు చూపించాలి. గుట్కా, వక్కపొడి, పాన్ మసాలా నమిలేవారిలో నోటి లోపలి పొర తోలులా బిగిసి నోరు తెరుచుకోకుండా పోతుంది. అది కీలు జబ్బు కాదు, క్యాన్సరుకు దారితీయగల జబ్బు. కారం తగిలితే నోరు మండడం దాని తొలి గుర్తు. ఇలాంటివారు ఆ రోజే గుట్కా, వక్క మానాలి.

గడ్డం మీద పడిన బిడ్డ

ఇప్పుడు చెప్పేది తల్లులు ప్రత్యేకంగా వినాలి. దవడ కీలు, ఊపిరి, పళ్ళు మూడూ ఒక్క బిడ్డలో ఎలా దెబ్బతింటాయో ఇక్కడ కనబడుతుంది.

పిల్లలు మెట్ల మీద నుంచి, ఉయ్యాల మీద నుంచి, సైకిలు మీద నుంచి పడతారు. గడ్డం చీలుతుంది. కుట్లు వేయించి ఇంటికి తీసుకెళ్తాము. గాయం మానిపోతుంది. కానీ గడ్డానికి తగిలిన దెబ్బ దవడ ఎముక వెంట పైకి పాకి చెవి ముందున్న కీలును విరగ్గొట్టవచ్చు. పైకి ఏమీ కనబడదు. నొప్పి అని బిడ్డ నోరు తెరవడు, జావ తాగిస్తూ ఉంటాము. అలా కదలకుండా ఉన్న కీలులో కొందరికి నెలలు, సంవత్సరాలు గడిచేకొద్దీ ఎముక ఎముకతో అతుక్కుపోతుంది. చెవిలో చీము కీలుకు పాకినా ఇలా జరగవచ్చు.

నేను చూసిన ఒక పాపకు తొమ్మిదేళ్ళు. నోట్లో చిటికెన వేలు కూడా పట్టదు. మూడేళ్ళప్పుడు అరుగు మీద నుంచి పడిందట. అన్నం పిసికి పళ్ళ సందులోంచి తోసేవాళ్ళు. కింది దవడ పెరుగుదలకు ఆ కీలు దగ్గరి భాగం ముఖ్యం. అది దెబ్బతినడంతో గడ్డం పెరగక వెనక్కు పోయింది. దానితో నాలుక వెనక్కు వెళ్ళి గొంతు ఇరుకైంది. రాత్రి పడుకుంటే ఊపిరాడక కూర్చుని నిద్రపోయేది. పళ్ళ లోపలి వైపు బ్రష్ వెళ్ళదు, అందుకే పళ్ళన్నీ పుచ్చాయి. పంటి నొప్పి అని వచ్చారు, కానీ పంటి డాక్టరు పరికరం నోట్లోకి పోదు. ఆ పాపను పెద్ద ఆసుపత్రికి పంపితే అక్కడ అతుక్కున్న ఎముకను తొలగించి కీలును విడదీశారు. మత్తు ఇవ్వడమే ఒక పెద్ద పని అయింది, ఎందుకంటే ఊపిరి గొట్టం నోటిలోంచి వెళ్ళదు, ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం సాయంతో వేయవలసి వచ్చింది.

ఆపరేషన్ తరువాత అసలు పని వాళ్ళమ్మది. నోరు తెరిచే వ్యాయామం రోజుకు ఎన్నోసార్లు, నెలల తరబడి చేయించాలి. మానేస్తే మళ్ళీ అతుక్కుంటుంది. పాప ఏడుస్తుంటే తల్లి కూడా ఏడుస్తూ చేయించింది. ఏడాది తరువాత ఆ పాప మా వరండాలో కూర్చుని జామకాయ కొరుక్కుని తింటుంటే నేను చూశాను. మీ అందరికీ అది మామూలు విషయం. ఆ తల్లికి కాదు.

కాబట్టి బిడ్డ గడ్డం మీద పడితే కుట్లతో సరిపెట్టకండి. చెవి ముందు నొక్కితే నొప్పి ఉందా, నోరు తెరిస్తే గడ్డం ఒక పక్కకు పోతోందా, పళ్ళు ఇదివరకటిలా కలవడం లేదా, చెవిలోంచి రక్తం వచ్చిందా చూడండి. ఏ ఒక్కటి ఉన్నా దవడ ఎక్స్‌రే తీయించమని అడగండి. ఏమీ లేకున్నా కొన్ని వారాలపాటు బిడ్డ నోరు ఎంత తెరుస్తున్నాడో గమనించండి.

పెద్దవాళ్ళ గురక

గురక అంటే కుంభకర్ణుడు గుర్తుకొచ్చి నవ్వుతాము. గురక పెట్టేవారందరికీ జబ్బు ఉండదు. గురక మధ్యలో ఊపిరి పది సెకన్లు, అంతకు మించి ఆగి, మళ్ళీ గుటక వేసినట్లు, ఉక్కిరిబిక్కిరైనట్లు మొదలైతే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. గంటకు ఐదు అంతకంటే ఎక్కువసార్లు ఇలా జరుగుతుంటే జబ్బుగా లెక్కవేస్తారు. పగలు కూర్చున్నచోట కునుకు, పొద్దున్నే తలనొప్పి, ఎండిపోయిన నోరు, మందులు వాడినా తగ్గని బి.పి. ఉంటాయి. లారీ, బస్సు, ఆటో నడిపేవారికి ఇది వారి ప్రాణంతోపాటు ఎదుటివారి ప్రాణాలకు కూడా ముప్పు.

వైద్యం ఉంది. బరువు తగ్గడం, మద్యం మానడం, పక్కకు తిరిగి పడుకోవడం కొందరికి సరిపోతాయి. ఎక్కువగా ఉన్నవారికి ముక్కుకు తొడుగు పెట్టి గాలిని ఒత్తిడితో పంపే సి-ప్యాప్ యంత్రం ఇస్తారు. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సులివాన్ 1981లో దీనిని ప్రపంచానికి తెలియజేశారు. కొందరికి కింది దవడను రాత్రిపూట కొద్దిగా ముందుకు పట్టి ఉంచే పరికరాన్ని పంటి డాక్టరు తయారుచేసి ఇస్తారు. దవడ ముందుకు వస్తే నాలుక ముందుకు వస్తుంది, దారి తెరుచుకుంటుంది. అయితే దీనివల్ల కొందరికి దవడ నొప్పి, పళ్ళు కొద్దిగా కదలడం జరగవచ్చు. అందుకే చిగుళ్ళు గట్టిగా ఉన్నాయో లేదో చూసి ఇస్తారు, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోమంటారు. బజారులో దొరికేది కొని పెట్టుకోకూడదు. నోటికి ప్లాస్టరు అంటించి పడుకోవడం కూడా ప్రమాదం. ముక్కు మూసుకుపోయినవారికి నోరు కూడా మూస్తే ఊపిరి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకొక ముఖ్యమైన మాట. మీవారికి ఏ ఆపరేషన్ అయినా సరే, ముందుగా మత్తు డాక్టరుకు ఈ నాలుగు సంగతులు అడగకపోయినా చెప్పండి: గురక పెడతారని, నోరు పూర్తిగా తెరుచుకోదని, ఫలానా పన్ను కదులుతోందని, కట్టుడు పళ్ళు ఉన్నాయని. కదిలే పన్ను ఊడి ఊపిరి దారిలో పడవచ్చు. పళ్ళ సంగతి చెప్పడానికి సిగ్గుపడి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

ఈ రాత్రి మీరు చేయవలసినవి

1. పిల్లలు నిద్రపోయిన గంట తరువాత దీపం వేసి చూడండి. నోరు మూసి ఉందా, తెరిచి ఉందా? గురక ఉందా? ఊపిరి ఆగుతోందా? మెడ వెనక్కు వాల్చి పడుకుంటున్నారా?

2. సెల్‌ఫోనుతో రెండు నిమిషాలు వీడియో తీయండి. మీరు పది మాటల్లో చెప్పలేనిది డాక్టరుగారికి అది చూపిస్తుంది.

3. పెద్ద పిల్లవాడు మళ్ళీ పక్క తడపడం మొదలుపెట్టినా, బడిలో కునికినా, ఒకచోట నిలవలేకపోయినా కొట్టకండి. వాటి వెనుక చెడిన నిద్ర ఉండవచ్చు.

4. రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో పళ్ళు తోమించండి. మూడేళ్ళలోపు వారికి బియ్యపు గింజంత, పైబడినవారికి బఠాణీ గింజంత పేస్టు చాలు. తరువాత నీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకండి.

5. కట్టుడు పళ్ళను పడుకునేముందు తీసి, శుభ్రం చేసి, నీళ్ళలో వేయండి.

6. పంటి డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు గురక సంగతి, ఇ.ఎన్.టి. డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు పళ్ళ సంగతి మీరే చెప్పండి. అడినాయిడ్ ఆపరేషన్ అయినా ఇరుకైన దవడ అన్నిసార్లూ తనంతట తాను సర్దుకోదు. తరువాత పళ్ళ వరుస చూసే డాక్టరుకు కూడా చూపించాలి.

వెంటనే రావలసినవి

పుచ్చు పన్ను వల్ల దవడ కింద, మెడ వాచి, మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే తెల్లవారేదాకా ఆగకండి. ఆ చీము ఊపిరి దారిని మూసేస్తుంది.

గాయం తగిలిన కొన్ని రోజులకు దవడలు బిగుసుకుపోతే అది ధనుర్వాతం కావచ్చు. వెంటనే రండి.

ఆవులించినప్పుడు నోరు తెరుచుకుని మూతపడకపోతే దవడ జారిందని అర్థం. గాలి సోకిందని అనుకోకండి, చెంప మీద కొట్టకండి. ముందుకు వంగి కూర్చోబెట్టి, గడ్డం కింద గుడ్డ ఆసరా ఇచ్చి తీసుకురండి. డాక్టరు తమ చేతులతోనే సరిచేస్తారు. ఎంత ఆలస్యమైతే కండరాలు బిగుసుకుని అంత కష్టమవుతుంది.

దవడ నొప్పితోపాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది పంటిది కాదు, గుండెది కావచ్చు. పంటి డాక్టరు కోసం వెతకకుండా నేరుగా ఎమర్జెన్సీకి రండి.

చివరగా, ఆ బాబు సంగతి. ఆపరేషన్ అయిన మొదటి రాత్రి గడిచాక, తరువాతి రాత్రులు వాళ్ళమ్మకు నిద్ర పట్టలేదట. గురక వినపడకపోయేసరికి బిడ్డకు ఏమైందో అని మాటిమాటికి లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేదట. వాడు నోరు మూసుకుని, చప్పుడు లేకుండా ఊపిరి తీస్తూ నిద్రపోతున్నాడు. తరువాత పళ్ళకు కట్టించారు, వరుస సరిచేసే తీగలు వేయించారు. దానికి రెండేళ్ళు పట్టింది. నేను ఆ మొదటి రాత్రే రిపోర్టులో సరిగ్గా రాసి ఉంటే అంత దూరం వచ్చేది కాదేమో.

అప్పటి నుంచి నేను "బాగా నిద్రపోయాడు" అని రాసేముందు మంచం దగ్గర కొంచెంసేపు నిలబడి, నోరు చూస్తాను, ఊపిరి వింటాను. మీరూ ఈ రాత్రి అలా నిలబడండి. చూసింది చూసినట్లు పొద్దున్నే మాకు చెప్పండి. సెలవు.